పెన్సిల్‌తో ఎండ వేయడం ఎలా? గుంటూరు పల్లె దృశ్యానికి వెలుగునీడలు

ఫిరంగిపురం దగ్గర ఒక మిరప కల్లంలో కూర్చుని గంటన్నర పాటు బొమ్మ వేశాను. గొడ్ల పాక, దాని పక్కన గడ్డివాము, వెనక కొండవీడు కొండలు, ముందు మిరపకాయల పోగులు. కల్లం కాపలా ఉన్న పెద్దావిడ నా వెనక నుంచి తొంగిచూసి, “అదేంటి బాబూ, మా కాయలన్నీ తాలు చేసిపెట్టావు?” అంది.

తాలు కాయలంటే మన వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. రంగు పోయి తెల్లబడినవి, మిర్చి యార్డులో ధర పలకనివి. ఎండలో మిరపకాయలు మిలమిలలాడుతున్నాయి కదా అని నేను వాటిని దాదాపు తెల్ల కాగితంగా వదిలేశాను. పాకకు కొట్టిన సున్నం కంటే నా బొమ్మలో మిరపకాయలే తెల్లగా ఉన్నాయి. బొమ్మలు వేయడం రాని మనిషి ఒక్క చూపులో పట్టేసింది. గంటన్నర కూర్చున్న నాకు తట్టలేదు.

ఎరుపు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అంతమాత్రాన అది లేత రంగు కాదు. మీ ఫోన్లో మిరపకాయల ఫోటో ఒకటి తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. ఎరుపంతా ముదురు బూడిద రంగులోకి దిగిపోతుంది. పక్కన ఉన్న పచ్చగడ్డికీ దానికీ తేడా తెలియకపోయినా ఆశ్చర్యపోకండి. పెన్సిల్‌కు రంగులతో పనిలేదు. ఏది ఎంత ముదురు, ఏది ఎంత లేత, అంతవరకే దాని లెక్క.

ఇంకో సంగతి కూడా ముందే అనుకుందాం. నీడ వేయడానికి మన చేతిలో పెన్సిల్ ఉంది. వెలుగు వేయడానికి ఏమీ లేదు. కాగితం తెలుపే మన ఎండ. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో గీత పెట్టకముందే తేల్చుకోవాలి. కింద చెప్పేదంతా ఆ లెక్క కోసమే. ఉదాహరణకు అదే కల్లాన్ని తీసుకుంటాను. మీరు విజయవాడ వాళ్లయితే ఉండవల్లి, పెనుమాక వైపు పొలాలకు వెళ్లండి, పద్ధతి మారదు.

కావాల్సిన సరంజామా

ఎక్కువేం అక్కర్లేదు. హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు ఒక్కొక్కటి. గుంటూరు బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఏ స్టేషనరీ షాపులో అడిగినా అప్సరో, కామ్లినో డ్రాయింగ్ పెన్సిళ్ల సెట్టు ఇస్తారు, మొదలుపెట్టడానికి అది చాలు. కొండల కోసం ఒక 2హెచ్ ఉంటే మంచిది. 1795లో ఫ్రాన్స్‌లో కోంటే అనే ఆయన గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. ఈరోజుకీ పెన్సిల్ తయారయ్యేది దాదాపు ఆ దారిలోనే. మట్టి పాలు ఎక్కువైతే ములుకు గట్టిగా ఉండి లేత గీత వస్తుంది, అది హెచ్. గ్రాఫైట్ పాలు ఎక్కువైతే మెత్తగా ఉండి నల్లగా వస్తుంది, అది బీ. అందుకే 2హెచ్‌ని ఎంత నొక్కినా నలుపు రాదు, కాగితం మీద గాడి మాత్రం పడుతుంది. ఆ గాడి మీద తర్వాత 6బీ రుద్దితే తెల్లగీత బయటపడి వెక్కిరిస్తుంది.

కాగితం కాస్త గరుకుగా, మందంగా ఉండాలి. 130 నుంచి 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) కార్ట్రిడ్జ్ కాగితం సరిపోతుంది. జిరాక్స్ కాగితం మీద రెండో పూత ఎక్కదు. రబ్బర్లు రెండు కావాలి: మామూలుది ఒకటి, పిండిముద్దలా పిసికితే సాగే నీడెడ్ ఎరేజర్ ఒకటి. రెండోది తప్పనిసరి, ఎందుకో వేపచెట్టు దగ్గర చెబుతాను. షార్పనర్ కంటే బ్లేడుతో చెక్కుకోండి. ములుకు పొడుగ్గా బయటికి ఉంటే పెన్సిల్‌ను పడుకోబెట్టి పక్కవాటుగా రుద్దొచ్చు, వెడల్పు నీడలకు అదే పనికొస్తుంది.

ఒక పాత రుమాలు, చేతి కింద పెట్టుకోవడానికి విడి కాగితం ముక్క కూడా పెట్టుకోండి. మన ఉక్కపోతకు అరచెయ్యి చెమట పడుతూనే ఉంటుంది. చెమట తగిలిన చోట గ్రాఫైట్ మచ్చలు మచ్చలుగా పడుతుంది, తర్వాత రబ్బరుకు కూడా సరిగా పోదు.

ఎప్పుడు వెళ్లాలి, ఎటు తిరిగి కూర్చోవాలి

బొమ్మ సగం ఇక్కడే తేలిపోతుంది. మిట్టమధ్యాహ్నం వెళ్లి, “నాకు నీడలు రావడం లేదండీ” అంటే అది మీ చేతి తప్పు కాదు, అప్పుడు అక్కడ నీడలే ఉండవు. గుంటూరు, విజయవాడ రెండూ 16 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త పైన ఉన్నాయి. మే 5, 6 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నిట్టనిలువుగా ఉన్న కరెంటు స్తంభానికి నీడ ఉండదు. ఆగస్టు మొదటి వారం చివర్లో మళ్లీ ఇదే జరుగుతుంది. ఆ మధ్య రోజుల్లో మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి కాకుండా దక్షిణానికి పడుతుంది. ఫోటో చూసి బొమ్మ వేసేటప్పుడు “ఇదేంటి తిరగబడింది” అనుకుని నీడను ‘సరిచేసే’ వాళ్లుంటారు, ఆ పని చేయకండి.

బొమ్మకు మంచి రోజులు డిసెంబరు నుంచి మార్చి దాకా. డిసెంబరు చివర్లో మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, పది అడుగుల గుంజకు ఎనిమిది అడుగుల పైచిలుకు నీడ పడుతుంది. నేను కల్లానికి వెళ్లింది ఫిబ్రవరిలో. ఫిబ్రవరి మధ్యలో ఉదయం ఎనిమిదిన్నరకు నీడ వస్తువు ఎత్తుకు సుమారు రెండింతలు ఉంటుంది. పదింటికి ఇంచుమించు సమానమవుతుంది. అంటే మన పని ఆ గంటన్నరలో కావాలి. కల్లంలో ఇంకో తొందర కూడా ఉంది. రాత్రి మంచుకు తడవకుండా కాయల్ని పోగులు చేసి పట్టాలు కప్పుతారు, పొద్దున్నే పట్టాలు తీసి మళ్లీ నేలంతా నెరుపుతారు. పోగు పోగుగా ఉండగా చూస్తేనే దానికి ఒక ఎండ వైపు, ఒక నీడ వైపు ఉంటాయి. నెరిపాక అది చాప.

ఇక దిక్కు. పొద్దున పడమటి వైపు తిరిగి కూర్చుంటే ఎండ మీ వీపు వెనక నుంచి వచ్చి అన్నిటి మీదా సమంగా పడుతుంది. నీడలన్నీ వస్తువుల వెనక దాక్కుంటాయి, బొమ్మ అట్టముక్కలా చప్పగా వస్తుంది. తూర్పు తిరిగితే కళ్లలో ఎండ కొడుతుంది, అన్నీ నల్లటి ఆకారాలుగా కనిపిస్తాయి. అదీ అందమే కానీ మొదటి బొమ్మకు వద్దు. ఉత్తరమో దక్షిణమో తిరగండి. నేను దక్షిణం తిరిగి కూర్చున్నాను. ఎండ ఎడమ నుంచి, కాస్త ఎదుటి వైపు నుంచి వస్తుంది. నీడలు కుడివైపుకు, కొంచెం నా వైపుకు వాలతాయి. నీడ మీ వైపుకు వాలితే బొమ్మలో నేల సాగినట్టు, మనం అందులోకి నడవొచ్చన్నట్టు ఉంటుంది.

కూర్చునే ముందు కల్లం వాళ్లతో ఒక మాట చెప్పండి. పొలాల్లో కాగితం, పెన్సిలు పట్టుకుని కొలతలు చూస్తున్నట్టు కళ్లు చికిలించే మనిషిని చూస్తే మన వైపు ఎవరికైనా మొదట వచ్చే అనుమానం ఒకటే: “సర్వేకి వచ్చారా?” బొమ్మ వేసుకోవడానికి వచ్చానంటే నవ్వి, మంచం కూడా వేస్తారు.

ముందు అగ్గిపెట్టె బొమ్మ

పెద్ద కాగితం తీయకండి. స్కెచ్‌బుక్ మూలన అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద చతురస్రం ఒకటి గీయండి. ఎదురుగా ఉన్న దృశ్యాన్ని కళ్లు చికిలించి చూడండి. రెప్పలు మూతపడేదాకా వస్తే కాయలు, గడ్డిపోచలు, తాటాకులు అన్నీ మాయమై నాలుగైదు ముద్దలు మిగులుతాయి. ఆ ముద్దల్నే వేయండి, నాలుగు టోన్లలో: తెలుపు, లేత బూడిద, ముదురు బూడిద, నలుపు. ఐదోది వద్దు. ఐదు పెట్టుకుంటే మనసు పది అడుగుతుంది.

మా కల్లానికి ఆ లెక్క ఇలా తేలింది. తెలుపు: పాక ఎడమ గోడ మీద ఎండ పడిన సున్నం, గడ్డివాము పైభాగం, కల్లం నేలలో ఒక చీలిక. లేత బూడిద: కొండలు, మిగతా నేల. ముదురు బూడిద: మిరప పోగులు, గోడ నీడ భాగం, వేపచెట్టు. నలుపు: చూరు కింద, పాక లోపల, గడ్డి పీకిన చోట. ఈ జాబితా నేను రెండోసారి వెళ్లినప్పుడు రాసుకున్నది. మొదటిసారి రాసుకుని ఉంటే తాలు కాయల మాట పడేది కాదు.

ఇక్కడ అందరూ బోల్తాపడే చోటు ఒకటుంది, నీడలో ఉన్న సున్నపు గోడ. “సున్నం కొట్టారు కదా, తెల్లగానే ఉండాలి” అని మనసు అంటుంది. పిడికిలిని గొట్టంలా చేసి ఆ సందులోంచి ముందు నీడలో ఉన్న గోడను, వెంటనే ఎండలో ఉన్న మట్టినేలను చూడండి. నేలే తెల్లగా కనిపిస్తుంది. మనకు తెలిసినదాన్ని పక్కనబెట్టి, కనిపించేదాన్ని వేయడానికి ఇంతకన్నా సులువైన పరీక్ష నాకు తెలియదు. ఖర్చు కూడా లేదు.

గీతలు, ఆ వెంటనే నీడల హద్దులు

ఇప్పుడు పెద్ద కాగితం తీయండి. హెచ్‌బీతో, చెయ్యి తేలిగ్గా పెట్టి, పాక, వాము, పోగులు, చెట్టు, కొండల అంచు గీయండి. పది నిమిషాలు చాలు. ఆ వెంటనే, ఒక్క షేడింగు గీత కూడా పెట్టకముందే, నీడలన్నిటి హద్దులూ ఒకేసారి గీసేయండి. పాక నీడ నేల మీద ఎక్కడిదాకా వచ్చింది, చూరు నీడ గోడ మీద ఎక్కడ తెగింది, పోగు మీద ఎండ ఎక్కడ ఆగి నీడ ఎక్కడ మొదలైంది, అన్నీ. కాగితం మూలన టైమ్ వేసి, ఎండ వచ్చే వైపుకు ఒక బాణం గుర్తు పెట్టండి.

భూమి నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ తిరుగుతుంది. ముప్పావు గంటలో పదకొండు డిగ్రీలు. మీరు పాక నీడను ఎనిమిదిన్నరకు, చెట్టు నీడను తొమ్మిదింపావుకు గీస్తే ఆ బొమ్మలో ఇద్దరు సూర్యులున్నట్టే. చూసేవాళ్లకు కారణం తెలియకపోవచ్చు, ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. ఒకసారి హద్దులు గీశాక నీడ ఎంత జరిగినా దాని వెంట పరిగెత్తకండి. ఆ టైముకే కట్టుబడండి. భరోసా కోసం అదే నిమిషంలో ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, కానీ దాన్ని నీడల చోటు చూసుకోవడానికే వాడండి, టోన్ల కోసం కాదు. ఫోన్ కెమెరా నీడల్ని గాని, ఎండను గాని ఏదో ఒకదాన్ని మింగేస్తుంది.

మొదటి పూత: నీడలన్నిటికీ ఒకే టోన్

2బీని పడుకోబెట్టి, నీడ భాగాలన్నిటికీ ఒకే లేత పూత వేయండి. పాక నీడ, పోగు నీడ, చెట్టు నీడ, వేరువేరుగా చూడొద్దు. గీతలు ఒకే వాలులో ఉంటే బాగుంటుంది. ఇది అయ్యాక కాగితాన్ని చేయి చాచి దూరంగా పట్టుకుని చూడండి. ఈ దశలోనే ఎండ వచ్చినట్టు కనిపించాలి. రాకపోతే నీడల హద్దుల్లో తప్పుంది. ఇంకా నల్లగా రుద్దితే ఎండ వస్తుందనుకుంటారు చాలామంది, రాదు. మసి మాత్రమే వస్తుంది.

రెండు రకాల నీడలు ఉంటాయని గుర్తుపెట్టుకోండి. వస్తువు మీదే ఎండ తగలని వైపు ఉండే నీడ ఒకటి, వస్తువు ఎండను అడ్డుకోవడం వల్ల వేరే చోట పడే నీడ రెండోది. పడే నీడ అంచు వస్తువు దగ్గర పదునుగా ఉండి, దూరం పోయేకొద్దీ మెత్తబడుతుంది. గుంజ నీడను చూడండి, మొదట్లో కత్తితో కోసినట్టు ఉంటుంది, చివర్లో మబ్బు మబ్బుగా ఉంటుంది. సూర్యుడు చుక్క కాదు, పళ్లెం కాబట్టి అలా వస్తుంది. ఒక్క అంచును ఇలా పదును నుంచి మెత్తదనానికి తీసుకెళ్లడం వస్తే బొమ్మ సగం నిలబడుతుంది.

చూరు కింద

పాక దగ్గర కాస్త ఆగుదాం. మొత్తం దృశ్యంలో నాకు బాగా ఇష్టమైన చోటు తాటాకు చూరు కింది మూరెడు నీడ. కొత్తవాళ్లు దాన్ని పైనుంచి కింది దాకా ఒకే నలుపుతో పట్టీ వేసినట్టు నింపేస్తారు. దగ్గరికి వెళ్లి చూడండి. చూరుకు ఆనుకుని ఉన్న రెండు మూడు అంగుళాలు మాత్రమే నిజంగా నలుపు. అక్కణ్ణుంచి కిందికి వచ్చేకొద్దీ నీడ పలచబడుతుంది. ఎందుకంటే ఎదురుగా కల్లం నేల మీద ఎండ పడి, అక్కణ్ణుంచి పైకి ఎగిరి గోడను తాకుతుంది. నీడలో కూడా గోడ అడుగుభాగం లేతగా, ఊపిరి ఆడుతున్నట్టు ఉండేది అందుకే. దీన్ని 4బీతో చూరు దగ్గర మొదలుపెట్టి, కిందికి వచ్చేకొద్దీ చేతి బరువు తగ్గిస్తూ, చివర్లో 2బీకి మారి వేయండి. చూరు అంచున తాటాకు కొసలు గోడ మీద పళ్లు పళ్లుగా నీడ వేస్తాయి. ఆ పళ్లు అన్నీ ఒకే పొడుగులో ఉంటే దువ్వెనలా ఉంటుంది, కాబట్టి రెండు పొడుగు, ఒకటి పొట్టి, ఒకచోట ఖాళీ ఉండేలా వేయండి.

పాక ముందు సిమెంటు కుడితి తొట్టి ఉంటే మీ అదృష్టం. గుండ్రటి వస్తువు మీద వెలుగు ఎలా తిరుగుతుందో నేర్పే మాస్టారు అదే. ఎడమ అంచు ఎండ, మధ్యకు వచ్చేకొద్దీ బూడిద, కుడి అంచుకు రాబోయే ముందు అన్నిటికన్నా ముదురు, సరిగ్గా కుడి అంచు దగ్గర మళ్లీ కాస్త లేత, నేల నుంచి ఎగిరొచ్చిన వెలుగు. ఆ చివరి లేతదనం ఉంచితే తొట్టి గుండ్రంగా ఉంటుంది, నింపేస్తే పలకలా ఉంటుంది. అయితే ఆ లేతదనం ఎండ వైపుకు పోటీ రాకూడదు. అది కూడా నీడే, కాస్త పలచటి నీడ.

గేదె ఉంటే, అది నల్లది కదా అని 6బీతో ముంచేయకండి. దాని వీపు మీద ఆకాశం మెరుస్తుంటుంది. అక్కడ కాగితాన్ని దాదాపు వదిలేసి, పొట్ట కింద, కాళ్ల మధ్య నలుపు పెట్టండి.

గడ్డివాము, కొండలు

వాములో పోచలు గీయడం మొదలుపెడితే సాయంత్రమైనా అవదు, అయినా చూడ్డానికి చీపురులా ఉంటుంది. ముద్దగా చూడండి: ఎండ పడే పైభాగం తెలుపు, ఎడమ పక్క లేత, కుడి పక్క ముదురు. పోచలు వెలుగు, నీడ కలిసే అంచు వెంట మాత్రం ఓ ఇరవై ముప్ఫై గీయండి. కన్ను మిగతాది తనే నింపుకుంటుంది. గొడ్లకు రోజూ గడ్డి పీకే చోట వాము కింద గుహలా గుంట పడి ఉంటుంది. మీ 6బీ పనికొచ్చే చోట్లలో అదొకటి. ఆ నలుపు పడగానే వాము బరువుగా కూర్చుంటుంది.

కొండలకు 2హెచ్, అంతే. మనకూ కొండలకూ మధ్య ఉన్న గాలి, దుమ్ము, పొద్దుటి మంచు ఎండను చెదరగొట్టి ఒక తెర కడతాయి. అందుకే దూరం పోయేకొద్దీ నలుపులు లేతబడతాయి, అంచులు కరుగుతాయి. కొండ మీద చెట్లు కనిపించినా వేయకండి. కొండలో ఉన్న అతి ముదురు టోను ముందున్న పాకలోని అతి లేత నీడ కంటే లేతగా ఉండాలన్నది నా లెక్క. ఆకాశం ముట్టుకోకుండా వదిలేయండి. మబ్బులు లేని ఫిబ్రవరి ఆకాశాన్ని పెన్సిల్‌తో రుద్దితే మురికి తప్ప ఏమీ రాదు.

వేపచెట్టు కింద రూపాయి బిళ్లలు

చెట్టును ఆకులుగా కాక గుబురులుగా చూడాలని అందరూ చెబుతారు, నిజమే, నేను ఎక్కువ చెప్పను. ఒక్కో గుబురుకూ ఎండ పడే నెత్తి, నీడ పట్టే పొట్ట ఉంటాయి. మధ్యమధ్య ఆకాశం కనిపించే కంతలు మరచిపోకండి. ఆ కంతలు బయటి ఆకాశం కంటే కాస్త ముదురుగా వేస్తేనే చెట్టులో కుదురుతాయి.

అసలు విశేషం కింద ఉంది. వేపచెట్టు నీడలో నేల మీద పడిన వెలుగు చుక్కల్ని చూడండి. ఆకుల సందులు మూడు మూలలు, నాలుగు మూలలు, ఇష్టం వచ్చినట్టు ఉంటాయి. కానీ కింద పడిన చుక్కలు మాత్రం గుండ్రంగానే ఉంటాయి, రూపాయి బిళ్లలు చల్లినట్టు. ఒక్కో చిన్న సందు సూదిబెజ్జం కెమెరాలా పనిచేసి సూర్యుడి బొమ్మను నేల మీద వేస్తుంది. పాక్షిక సూర్యగ్రహణం రోజున ఇవే బిళ్లలు నెలవంకలుగా మారిపోతాయి. పొద్దున ఎండ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి బిళ్లలు సాగి కోడిగుడ్ల ఆకారంలోకి వస్తాయి, సాగేది ఎండ వచ్చే దిక్కుగానే.

వీటిని వదిలిపెడుతూ చుట్టూ షేడింగ్ చేయబోతే పిచ్చెక్కుతుంది. ముందు చెట్టు నీడ మొత్తాన్ని 2బీతో ఏకటాకిగా నింపేయండి. తర్వాత నీడెడ్ ఎరేజర్‌ను చిటికెడు తీసుకుని కొసలా పిసికి, బొమ్మలోని ఆ నీడ మీద అద్ది అద్ది పైకి తీయండి. రుద్దకూడదు, అద్దాలి. కొన్ని బిళ్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి, కొన్ని విడిగా ఉండాలి. నీడ అంచు దగ్గర ఎక్కువ, మొదలు దగ్గర తక్కువ. అన్నీ ఒకే తెలుపులో తీయకండి, ఒకటి రెండు మాత్రమే పూర్తి తెలుపు. ఈ ఒక్క పని నేర్చుకోవడానికి నేను మూడు ఆదివారాలు పాడుచేశాను, ఇంట్లో చివాట్లు కూడా తిన్నాను.

ఇక మిరపకాయలు

పోగు మొత్తాన్ని, ఎండ వైపుతో సహా, 2బీతో ముదురు బూడిదలోకి దించండి. మనసు ఒప్పుకోదు. ఎర్రగా వెలిగిపోతుంటే నల్లగా వేస్తున్నానే అని చెయ్యి వెనక్కి లాగుతుంది. కానివ్వండి. తర్వాత నీడ వైపు 4బీతో ఇంకో పూత. పోగు నేలను తాకే చోట 6బీతో సన్నటి నలుపు. ఇప్పుడు ఎండ వైపు నెత్తి మీద నీడెడ్ ఎరేజర్ కొసతో పొట్టి, వంకర మెరుపులు తీయండి. ఎండిన మిరప తొక్క నున్నగా ఉంటుంది కాబట్టి మెరుపు చిన్నగా, పదునుగా ఉంటుంది. పదిహేను ఇరవై చాలు. ముందు వరసలో మూడు నాలుగు కాయలకు తొడిమ, వంపు స్పష్టంగా గీయండి. వెనకవి గీయకపోయినా చూసేవాళ్లు కాయలే అనుకుంటారు.

పోగు ముదురు కాగానే ఇంకో మార్పు గమనిస్తారు. దాని పక్కన ఉన్న నేల, మీరు ముట్టుకోకుండానే, ఎండలో మెరవడం మొదలుపెడుతుంది.

చివరి నలుపులు, మెరుపు జబ్బు

6బీ నలుపులు చివర్లోనే పెట్టండి. చూరు కింద ఆ రెండు అంగుళాలు, పాక లోపలి చీకటి, వాము గుంట, పోగుల అడుగు. నాలుగైదు చోట్లకు మించితే అవి ఒకదాన్నొకటి తినేస్తాయి. నలుపు కోసం గట్టిగా నొక్కకండి. గట్టిగా నొక్కితే కాగితం గరుకు అణిగిపోయి గ్రాఫైట్ అద్దంలా మెరుస్తుంది, పక్కనుంచి చూస్తే నల్లగా ఉండాల్సింది వెండిలా కనిపిస్తుంది. ఒకసారి ఆ మెరుపు వచ్చిందంటే దాని మీద ఇంకేదీ ఎక్కదు. తేలిక చేత్తో, దిక్కు మారుస్తూ మూడు నాలుగు పూతలు వేసుకుంటూ పోవాలి. వేలితో రుద్ది నున్నగా చేసే అలవాటుంటే దాన్ని కొండలకే పరిమితం చేయండి. వాము, తాటాకు, మట్టిగోడ, వీటికి గరుకే అందం.

అయ్యాక ఫిక్సేటివ్ స్ప్రే చేస్తే చెరిగిపోదు. గాలి ఆడే చోట, అడుగున్నర దూరం నుంచి, రెండు పలచటి పూతలు చాలు. వాట్సాప్‌లో పెట్టడానికి ఫోటో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు. కిటికీ పక్కన, వెలుగు ఒక పక్క నుంచి పడేలా పెట్టి తీస్తే ఆ వెండి మెరుపు తగలదు.

మన ఊళ్లు బొమ్మకు పనికొస్తాయా అనే అనుమానం ఉన్నవాళ్లకు ఒక్క మాట. దుగ్గిరాల పక్కన తుమ్మపూడిలో ఉంటూ ప్రకృతి దృశ్యాలు వేసిన సంజీవదేవ్ (1914–1999) మన జిల్లా మనిషే.

కల్లం బొమ్మ మళ్లీ వేసింది ఆ పై ఆదివారం. ఈసారి పోగుల్ని నల్లగా దించి, మెరుపులు తీసి పెద్దావిడకు చూపించాను. కాసేపు చూసి, “కాయ బాగుంది, ఇంకో రెండెండలు కావాలి” అంది. మరుసటి వారం ఇంకో బొమ్మ వేద్దామని వెళ్తే కల్లం ఖాళీ. టిక్కీలు (మిరప బస్తాలు) యార్డుకు వెళ్లిపోయాయి, నేల మీద ఎర్రటి పొడి, నాలుగు తొడిమలు మిగిలాయి. కాబట్టి సీజన్లో అనుకున్న దృశ్యాన్ని వాయిదా వేయకండి, పెన్సిళ్లు శనివారం రాత్రే చెక్కి పెట్టుకోండి.